యాకూబ్ సాబ్ దాచిన రాయి

మొన్న ఆదివారం పొద్దున బహ్రెయిన్ రేవు మీనా సల్మాన్‌లోని మా వర్క్‌షాపుకు పాత సామాను ఎత్తుకుపోయే లారీ వచ్చింది. ఎక్కించాల్సిన వాటిలో మా పాత లీక్ డిటెక్టర్ కూడా ఉంది. కొత్తది వచ్చి ఏడాది దాటింది, ఈ పాతదాన్ని ఇప్పుడెవరూ ముట్టుకోవడం లేదు. ఎక్కించే ముందు ఎందుకో నేనే ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాను. పంపు మొదట రెండుసార్లు దగ్గింది. తర్వాత ఒక గరగర, ఆపైన సన్నగా, ఎడతెగకుండా ఒక కూత. దానితోపాటు వేడెక్కుతున్న పంపు నూనె వాసన. ఆ వాసన ముక్కుకు తగలగానే నా చేతులు వాటంతటవే ప్యాంటుకు తుడుచుకోబోయి ఆగిపోయాయి. "ప్యాంటుకు కాదు మియా, గుడ్డకు" అని వెనక నుంచి ఎవరో అంటారని ఒక్క క్షణం ఎదురుచూశాను. ఎవరూ అనలేదు. లారీ డ్రైవరు "యల్లా భాయ్" అని తొందరపెట్టాడు. స్విచ్చి తీసేశాను.

ఆ మాట అనే మనిషి యాకూబ్ సాబ్. మా వర్క్‌షాపులో టెస్టింగు విభాగానికి ఆయనే పెద్ద. ఆ విభాగంలో ఉన్నది ఆయనా, ఆ మిషనూ, తర్వాత నేనూ. హైదరాబాదు మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఎంత ఎండాకాలమైనా చొక్కా చేతులు మణికట్టు దాకా బొత్తాలు పెట్టుకునే ఉండేవారు. గోళ్లు ఎప్పుడూ చిన్నగా కత్తిరించి ఉండేవి. మిషను దగ్గరికి పోయే ముందు సబ్బుతో చేతులు కడుక్కునేవారు, మిషను వదిలి అన్నానికి పోయే ముందు మాత్రం ఒక్కోసారి మరచిపోయేవారు. ఆయన పోయి మూడేళ్లవుతోంది.

నేను జగిత్యాల జిల్లావాణ్ణి. ఐటీఐలో ఫిట్టరు చదివాను గానీ బహ్రెయిన్‌కు వచ్చింది మేస్త్రీ దగ్గర హెల్పరుగా. మా ఊళ్లో గల్ఫ్ అంతా దుబాయే. ఇక్కడ దిగి ఆరునెలలైనా మా అమ్మ ఫోనులో "దుబాయిల ఎట్లున్నవ్ బిడ్డా" అనే అడిగేది. హమద్ టౌన్‌లో ఇళ్లు కడుతుంటే ఇటుకలు మోసేవాణ్ణి. ఒకరోజు మా సూపర్‌వైజరు నలుగురిని ఎంచి మీనా సల్మాన్‌కు పంపాడు. ఓడ నుంచి దించిన, ఇంజనును చల్లబరిచే ఒక పెద్ద కూలరును వర్క్‌షాపులోకి మోయాలి. మోసి, అందరూ నీడకు కూలబడ్డారు. కూలరు మూతకు వేసే రబ్బరు రింగు ఒకటి ఇసుకలో పడి ఉండటం నా కంటబడింది. తీసి, బనీను లోపలి వైపుతో తుడిచి, బల్ల మీద ఒక శుభ్రమైన కాగితం చూసి దాని మీద పెట్టాను. తల ఎత్తేసరికి ఎదురుగా యాకూబ్ సాబ్.

"ఆ రింగు ఎందుకు తీసినవ్?"

తిడతారనుకున్నాను. "ఇసుకల పడ్డది సాబ్. అట్లనే బిగిస్తే పట్టది, గాలి పోతది."

"ఏడ నేర్చుకున్నవ్?"

"ఐటీఐల. ఫిట్టరు."

"ఫిట్టరువై ఇటుకలు మోస్తున్నవా?" అని ఆయన నా చేతుల వైపు చూశారు. పేరు అడిగారు, ఏ క్యాంపో అడిగారు. అంతటితో మరచిపోతారనుకున్నాను. నాలుగు నెలలు నాకు వీసా ఇచ్చిన యజమాని, అంటే మా కఫీల్ చుట్టూ, తన కఫీల్ చుట్టూ ఆయన తిరిగారని నాకు తర్వాత తెలిసింది. ఒకరోజు సైటుకే వచ్చి, సిమెంటు బస్తా నా భుజం మీద ఉండగానే, "దించు. ఖలాస్. రేపటి నుంచి నా దగ్గర డ్యూటీ" అన్నారు. బస్తా దించడం కూడా మరచి అట్లాగే నిలబడ్డాను.

మా పని చెప్పడానికి సులువే. కూలరులోని గాలినంతా పంపుతో లాగేస్తాం. లోపల ఏమీ లేకుండా అయ్యాక బయటి నుంచి అతుకుల మీద హీలియం వాయువు చల్లుతాం. వెంట్రుకకంటే సన్నని రంధ్రం ఉన్నా హీలియం దూరిపోతుంది, మిషను కూత పెడుతుంది. కూత పెట్టిన చోట మళ్లీ వెల్డింగు చేయాలి. రెండు నెలల్లో అంతా వచ్చేసిందనుకున్నాను. ఒకరోజు ఆయన లేనప్పుడు ఒక కొత్త కూలరుకు టెస్టు పెట్టాను. మిషను కూసింది. లీకు ఉందని చెప్పేశాను. వెల్డరు మంచి అతుకును కోసి మళ్లీ అతికించాడు. మిషను మళ్లీ కూసింది. సాయంత్రం యాకూబ్ సాబ్ వచ్చి చూసి ఒకటే అడిగారు.

"ఖాళీ రీడింగు ఎంత?"

నేను తీసుకోలేదు. అంతకుముందు టెస్టు చేసిన వస్తువులోని హీలియం మిషను గొట్టాల్లోనే మిగిలి ఉంది. కూసింది దానికి. కూలరుకు ఏ లోపమూ లేదు.

"ఏదన్న కొలిచే ముందు ఏమీ లేనిదాన్ని కొలువాలె గంగాధర్," అన్నారు ఆయన. "నీ మిషన్ల ఎంత అబద్ధం ఉన్నదో ముందుగాల తెలుసుకో. అది తెల్వకుంటే బయటి నిజం నీకెట్ల తెలుస్తది?" గొంతు పెంచలేదు. తర్వాత ఓడ ఇంజనీరు దగ్గరికి నన్ను వెంటబెట్టుకుని పోయారు. నా పేరు చెబుతారనుకున్నాను. "తప్పు మాది. మంచి అతుకును కోసినం" అన్నారు. మాది అన్నారు, వీడిది అనలేదు.

ఆ వారమే శుక్రవారం నన్ను జిదాఫ్స్‌లోని తన గదికి అన్నానికి పిలిచారు. మార్కెట్టులో చేపలు కొని, తానే పులుసు పెట్టారు. గదిలో ఒక మంచం, ఒక అల్మారా, గోడకు ఆయన భార్య ఫోటో. ఆమె పోయి చాలా ఏళ్లయింది, హైదరాబాదులో కూతురు షహనాజ్ ఉంది, ఆమెకు ఇద్దరు పిల్లలు. తిన్నాక అల్మారా తెరిచి ఒక బిస్కెట్ల డబ్బా తీశారు. లోపల గుడ్డలో చుట్టి పిడికెడంత నల్లరాయి. దాని నిండా చిన్న చిన్న బుడగల గుంతలు, మధ్య మధ్య కలకండ పలుకుల్లాంటి ఆకుపచ్చని గింజలు. కిటికీ దగ్గర తిప్పితే ఆ గింజలు మెరిశాయి.

"ఇది హిందూ మహాసముద్రంల ఒక దీవిది. అగ్నిపర్వతం కక్కిన రాయి. బహ్రెయిన్ మొత్తం తవ్వినా ఇసొంటిది ఒక్కటి దొరకది, ఇక్కడంత సున్నపురాయే," అన్నారు. "నేను పంతొమ్మిదేండ్లు గిదే పని చేసిన మియా. హైదరాబాదుల ఒక పరిశోధన సంస్థల టెక్నీషియన్ని. రాళ్లలకెల్లి గాలి తీసుడు మా పని."

రాయిలో గాలి ఏమిటని నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ మధ్యాహ్నం నాకు చెప్పింది నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. ఆ ఆకుపచ్చ గింజల్లో కంటికి కనబడని బుడగలు ఉంటాయట. రాయి భూమి లోపల ఎక్కడ కరిగిందో అక్కడి వాయువు ఆ బుడగల్లో చిక్కుకుని పైకి వస్తుంది. హీలియం, నియాన్, ఆర్గాన్, జెనాన్. ఇవి జడవాయువులు, దేనితోనూ కలవవు, తుప్పు పట్టవు, మండవు.

"అందుకే సాక్ష్యానికి పనికొస్తయి," అన్నారు. "మిగతా వాయువులు దొరికిన దానితోని దోస్తీ చేసి మారిపోతయి. ఇవి మారయి. ఎట్ల పట్టుబడ్డయో అట్లనే ఉంటయి."

హీలియంలో రెండు రకాలున్నాయట. బరువైనదాన్ని రాళ్లలోని యురేనియం లాంటివి క్షీణిస్తూ ఇప్పటికీ పుట్టిస్తూనే ఉన్నాయి. తేలికది మాత్రం భూమి లోపల కొత్తగా పుట్టేది లేదన్నంత తక్కువ. లోపల ఉన్నదంతా భూమి పుట్టినప్పుడు దానితో వచ్చినదే. సముద్రం నడుమ నీటి అడుగున ఉండే గట్ల దగ్గర దొరికే రాళ్లలో, మనం పీల్చే గాలితో పోలిస్తే, తేలిక హీలియం పాలు ఎనిమిది రెట్లు ఉంటుంది. కొన్ని దీవుల రాళ్లలో అంతకంటే ఎంతో ఎక్కువ. అంటే ఆ దీవుల కింద, ఎంతో లోతులో, పుట్టినప్పటి వాయువును ఇంకా వదలని చోటు ఏదో ఉందన్నమాట.

"జెనాన్ ఇంకో ముచ్చట చెప్తది," అని ఆయన రాయిని అరచేతిలో తూచినట్టు పట్టుకున్నారు. "ఆ లోతుల ఉన్నదీ, దాని మీదున్నదీ భూమి పుట్టిన కొత్తలనే వేరుపడ్డయట. లోపల అంత మెల్లమెల్లగ కదులుతనే ఉంటది, పొయ్యి మీది పాయసం లెక్క. కోట్ల ఏండ్ల సంది కలుపుతనే ఉన్నా ఆ రెండూ పూర్తిగ కలువలే. సోచో జరా."

"మరి ఈ రాయిల ఎంతున్నది సాబ్?"

ఆయన రాయిని గుడ్డలో చుట్టేశారు. "తెల్వది. కొలువలే" అన్నారు. చాయ్ పెట్టడానికి లేచిపోయారు.

ఎందుకు కొలవలేదో తెలియడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. అప్పటికి నేను ఆయన లేకున్నా టెస్టులు నడిపేవాణ్ణి. ఒక పండుగ సెలవుల్లో మనామా బజారులో పాతకాలపు చేతిగడియారం ఒకటి కొన్నాను. చీకట్లో దాని ముళ్లూ అంకెలూ పచ్చగా వెలుగుతాయి. మరుసటి రోజు గర్వంగా చేతికి పెట్టుకుని డ్యూటీకి పోయాను. యాకూబ్ సాబ్ చూశారు. ముఖంలో రక్తం లేకుండా పోయింది. నా మణికట్టు పట్టుకుని వర్క్‌షాపు బయటికి, ఎండలోకి లాక్కుపోయారు.

"తీసెయ్. లోపల పెట్టకు. బయట ఏడనన్న పెట్టు."

నేను తీసి గోడ మీద పెట్టాను. కాసేపటికి ఆయనే కుదుటపడ్డారు. "లేదు లేదు, పెట్టుకో. ఇక్కడ దానితోని ఏ నష్టం లేదు. నాకే ఏదో యాదికొచ్చింది" అని అక్కడే ఒక ఖాళీ పీపా మీద కూర్చున్నారు. నేనూ పక్కన కూర్చున్నాను. అప్పుడు చెప్పారు.

సంస్థలో వసుధ అనే పరిశోధక విద్యార్థిని ఉండేది. ఆ దీవికి పోయి రాళ్లు తెచ్చింది ఆమే. ఒక్కొక్క రాయిలోంచి గింజలు ఏరి, ఇనుప గుండుతో నలగ్గొట్టి, వాయువు కొలవడం యాకూబ్ సాబ్ పని. ఒక్కసారి నలగ్గొడితే అంతే, వాయువు పోతుంది, ఆ గింజలతో మళ్లీ కొలవడానికి ఉండదు. రెండేళ్లు కష్టపడ్డారు. తేలిక హీలియం అంకెలు ఎవరూ అనుకోనంత పైకి వచ్చాయి. ప్రొఫెసరు మిఠాయి తెప్పించారు. వసుధ వాటి మీదే తన థీసిస్ అంతా రాసింది. అప్పుడొకరోజు ఖాళీ రీడింగులు మళ్లీ తిరగేస్తుంటే యాకూబ్ సాబ్‌కు అనుమానం వచ్చింది. ఏమీ లేనప్పుడు కూడా తేలిక హీలియం కాస్త కనబడుతోంది. తాను సెలవులో ఉన్న రోజుల్లో కనబడటం లేదు.

"నా చేతికి మా బావమరిది తెచ్చిచ్చిన గడియారం ఉండె. ఇసొంటిదే. ఆ వెలుగు మందుల ఒక తీరు హైడ్రోజన్ ఉంటది. అది తనంతట తనే క్షీణించి తేలిక హీలియం అయితది. జర్రంతనే. కని మేం కొలిచేది గంతకంటె జర్రంత."

"ఎవరికన్న తెలిసిందా సాబ్?"

"నేనే చెప్పిన. చెప్పకుంటే ఎవ్వరికి తెల్వకపోవు."

ప్రొఫెసరు గదిలో, వసుధ ఎదురుగానే చెప్పారట. ఆ అంకెలన్నీ కొట్టేశారు. రెండేళ్ల పని పోయింది. ఆమె ఒక్క మాట అనలేదు. నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఒక పొద్దున ఆయన వచ్చేసరికి ఆయన బల్ల మీద ఒక రాయి ఉంది. ఆమె తెచ్చిన వాటిలో మిగిలిన ఆఖరిది. చీటీ లేదు, మాట లేదు. పెట్టి వెళ్లిపోయింది.

"చూసుకుంట బతుకు అని పెట్టింది," అన్నారు యాకూబ్ సాబ్. "ఆ వారమే రాజీనామా ఇచ్చిన."

ఆ గడియారం నేను మళ్లీ ఎప్పుడూ పెట్టుకోలేదు. క్యాంపులో ఎవరో అడిగితే ఇచ్చేశాను.

తర్వాత మూడేళ్లకు ఆయన గుండె బలహీనమైందని డాక్టర్లు చెప్పారు. మెట్లు ఎక్కితే ఆయాసపడేవారు. ఇక ఇంటికి వచ్చేయమని షహనాజ్ ఫోనులో పోరుతోంది, ఆయనా ఒప్పుకున్నారు. ఆ ఏడాది నేను సెలవు మీద ఊరికి బయలుదేరుతుంటే బిస్కెట్ల డబ్బా తెచ్చి నా సూట్‌కేసులో, బట్టల మధ్య, తానే పెట్టారు.

"ఆమె ఇప్పుడు హైదరాబాదుల్నే సొంత ల్యాబు పెట్టిందట. పాత దోస్తు చెప్పిండు. తీస్కపోయి ఇయ్యి. ఇది నాది కాదు, ఆమెది."

"మీరే ఇయ్యున్రి సాబ్. ఆర్నెల్లల్ల పోతున్నరు కద."

"నాకు ముఖం లేదు," అన్నారు. అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ ఆయన నోట ఆ మాట నేను వినలేదు.

వసుధ మేడం నడివయసులో ఉన్నారు. ముందు జుట్టు కొంచెం నెరిసింది. నేను ఎవరి దగ్గరి నుంచి వచ్చానో చెప్పి డబ్బా బల్ల మీద పెట్టాను. ఆమె గుడ్డ విప్పారు. చాలాసేపు రాయిని చూస్తూ కూర్చున్నారు.

"ఇది కొలవలేదా ఆయన?"

"లేదు మేడం. చూసుకుంట బతకమని మీరు పెట్టిన్రని..." నోరు జారిందని తెలిసి ఆగిపోయాను.

ఆమె కళ్లజోడు తీసేశారు. "అలా అనుకున్నారా?" అన్నారు. "మళ్లీ కొలుద్దాం అని పెట్టానండీ. నోటితో చెప్పడానికి నాకు మొహమాటం. నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు కదా. రాయి చూస్తే అర్థం చేసుకుంటారనుకున్నాను. నేను ఊరి నుంచి వచ్చేసరికి ఆయన వెళ్లిపోయారు. నా ముఖం చూడటం ఇష్టం లేక వెళ్లిపోయారనుకున్నాను."

ఆ గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఒక్క మాట. వీళ్లిద్దరిలో ఎవరో ఒకరు ఒక్క మాట అని ఉంటే యాకూబ్ సాబ్ బహ్రెయిన్‌కు వచ్చేవారే కాదు. నేను ఇంకా ఇటుకలే మోస్తూ ఉండేవాణ్ణి. ఆ ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే సిగ్గేసింది.

రాయిని అప్పుడే కొలుద్దామన్నారు మేడం. నన్నూ ఉండమన్నారు. గింజలు ఏరడానికి రెండు రోజులు పట్టింది, ఒక స్పూను నిండా కూడా రాలేదు. మూడో రోజు వాటిని ఉక్కు గొట్టంలో వేసి మూశారు. ఆమె దగ్గర చదువుకునే అబ్బాయిలు ఇద్దరు కంప్యూటరు ముందు కూర్చున్నారు. ఖాళీ రీడింగు మూడుసార్లు తీశారు. "లిమిట్‌లోనే ఉంది మేడం, స్టార్ట్ చేద్దాం" అన్నాడు ఒకతను. నేను వెనక నిలబడి తెర మీది అంకెలు చూస్తున్నాను. మూడూ తక్కువే. కానీ మొదటిదానికంటే రెండోది, రెండోదానికంటే మూడోది కాస్త ఎక్కువ.

చెప్పాలా వద్దా అని తటపటాయించాను. వాళ్లంతా పెద్ద చదువులు చదివినవాళ్లు. నేను సెలవుకు వచ్చిన ఫిట్టరును. ఇనుప గుండును పైకెత్తే అయస్కాంతం మీద ఆ అబ్బాయి అప్పటికే చేయి పెట్టాడు.

"మేడం, ఒక్క మాట," అన్నాను. "ఎక్కువ లేదు. కని పెరుగుతున్నది. యాడనో గాలి వస్తున్నది."

ఆ అబ్బాయి ఏదో అనబోయాడు. మేడం చేయెత్తి ఆపారు. "ఆయనైతే ఏం చేసేవారు?" అని నన్నే అడిగారు.

హీలియం చల్లే వీలు లేదు, ఆ గదిలో కొలిచేదే హీలియం కదా. మీనా సల్మాన్‌లో సిలిండర్లు దొరకని రోజుల్లో యాకూబ్ సాబ్ ఇంకో దారి చూపించారు. స్పిరిటు బొట్టును సూదితో ఒక్కొక్క అతుకు మీద వేస్తూ మీటరును చూడాలి. రంధ్రం మీద పడితే మీటరు ఉలిక్కిపడుతుంది. స్పిరిటూ సిరంజీ తెప్పించారు. నేను సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చాను. ఆరు అతుకుల దగ్గర ఏమీ కాలేదు. ఏడోదాని మీద బొట్టు పడగానే మీటరు ముల్లు దూకింది. "దొరికింది!" అని అరిచింది నన్ను ఆపబోయిన ఆ అబ్బాయే.

ఆ అతుకు విప్పి కొత్త రాగి రింగు వేశాం. గొట్టాలన్నీ వేడిచేసి పాత గాలి వదిలించడానికి ఇంకో రెండు రోజులు కావాలన్నారు. నా సెలవులోంచి అప్పటికే నాలుగు రోజులు పోయాయి. ఊరికి ఫోను చేస్తే నా భార్య సుజాత, "సంవత్సరం సంది ఎదురుచూస్తున్న. నాకంటె ఆ రాయే ఎక్కువైందా?" అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు, కానీ "అయినంక జల్ది రా" అని మాత్రం అంది.

రెండు రోజుల తర్వాత తీసిన ఖాళీ రీడింగులు మూడూ ఒకదానితో ఒకటి సరిపోయాయి, దాదాపు ఏమీ లేనట్టే. ఆ అబ్బాయి ఇనుప గుండును ఎత్తి వదిలాడు. టక్. టక్. టక్. లోపల ఆకుపచ్చ గింజలు నలిగే చప్పుడు గాజు మీద ఇసుక రాలినట్టు వినిపించింది. కొలత పూర్తవడానికి చాలాసేపు పట్టింది. అంకె తెర మీదికి వచ్చినప్పుడు మేడం కుర్చీలోంచి లేచారు. ఎనిమిది రెట్లు దాటింది. బాగా దాటింది. గడియారం రోజుల్లోని అబద్ధపు అంకెలంత పెద్దది కాదు, కానీ ఇది నిజం. నియాన్ కూడా అదే మాట చెప్పింది. ఆ రాయి నిజంగానే ఎంతో లోతు నుంచి వచ్చిన వాయువును మోసుకొచ్చింది.

నేను అక్కడి నుంచే బహ్రెయిన్‌కు ఫోను కలిపాను. "సాబ్, అయిపోయింది. కొలిచినం" అన్నాను. అటువైపు ఊపిరి వినిపిస్తోంది.

"ఖాళీ రీడింగు ఎంత?" అన్నారు ఆయన.

చెప్పాను. మూడూ చెప్పాను. అతుకు సంగతీ చెప్పాను. "శభాష్," అన్నారు, ఆయన నోట నేను విన్న మొదటి శభాష్ అది. అప్పుడు రాయి అంకె చెప్పాను. మేడం చేయి చాపితే ఫోను ఇచ్చాను. "యాకూబ్ గారూ, నేను వసుధని. ఆ రాయి మిమ్మల్ని అనడానికి పెట్టలేదండీ. మళ్లీ కొలుద్దామని పెట్టాను" అన్నారామె. తర్వాత ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఆమె ఫోను పట్టుకుని కిటికీ దగ్గరికి పోయారు. నేను బయటికి వచ్చి వరండాలో నిలబడ్డాను.

నేను సెలవు ముగించుకుని తిరిగి వచ్చేసరికి యాకూబ్ సాబ్ మారిపోయి ఉన్నారు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచారు. అన్నం తింటూ పాత ల్యాబు సంగతులు చెప్పి తనలో తానే నవ్వుకునేవారు. ఇంటికి పోయాక వారానికి రెండు రోజులు ల్యాబుకు వచ్చి పిల్లలకు నేర్పమని మేడం అడిగారట. "ముందు చేతులు కడుక్కునుడు నేర్పుత" అనేవారు. టికెట్టు తీశారు. మనవలకు బొమ్మలు కొన్నారు. ప్రయాణానికి ఇరవై రోజులుందనగా ఒక శుక్రవారం నమాజు తర్వాత జిదాఫ్స్ మార్కెట్టులో చేపలు బేరం చేస్తూ అక్కడే కూలిపోయారు. ఆస్పత్రికి తీసుకుపోయేసరికే ప్రాణం లేదు.

షహనాజ్‌తో మాట్లాడింది నేనే. ఆమె చాలాసేపు ఏడ్చి, ఆలస్యం చేయకుండా అక్కడే మట్టి ఇవ్వమంది. శ్మశానంలో నేను కాస్త దూరంగా, గోడ దగ్గర నిలబడ్డాను. వాళ్ల పద్ధతులు నాకు తెలియవు, తప్పు చేస్తానేమోనని భయం. ఆయన గది కింద దుకాణం నడిపే బహ్రెయినీ ముసలాయన అందరినీ దాటుకుని నా దగ్గరికి వచ్చి చేయి పట్టుకున్నాడు. అరబీలో ఏదో అన్నాడు. నాకు "యల్లా" ఒక్కటే అర్థమైంది. ఆయన వెంట పోయి సమాధిలో మూడు గుప్పిళ్ల మన్ను వేశాను. సున్నం కలిసిన తెల్లటి మన్ను అది, చేతులకు పిండిలా అంటుకుంది.

ఇప్పుడు టెస్టింగు విభాగం నాదే. నా దగ్గర ఇద్దరు పనివాళ్లున్నారు, ఒకతను నేపాలీ, ఇంకొకతను సిరిసిల్ల వైపు మనిషి. వాళ్లు తప్పు చేసిన రోజు ఇంజనీరు దగ్గరికి వాళ్లతో నేనే పోతాను. అంతవరకు చేతనవుతుంది. ఆయనలా గొంతు పెంచకుండా ఉండటం మాత్రం ఇంకా చేతకాలేదు. ఏదన్నా కొత్త రకం అతుకు దొరికినప్పుడు ఆయనకు చెప్పాలనిపిస్తుంది, చెప్పడానికి మనిషి లేరు. మేడంకు రాస్తాను. ఆమె జవాబిస్తారు, ఆప్యాయంగానే ఇస్తారు. కానీ ఎదురుగా పీపా మీద కూర్చుని వినే మనిషి వేరు.

నెలకోసారి శుక్రవారం శ్మశానానికి పోతాను. షహనాజ్ ఇంతవరకు రాలేకపోయింది. నేను అక్కడి నుంచి ఫోను చేసి గాలి ఎట్లా ఉందో, ఎండ ఎట్లా ఉందో, పక్కన కొత్తగా ఎవరు వచ్చారో చెబుతాను. ఆమె పిల్లలు వెనక నుంచి, తాతను తలచుకుని, "నానా దగ్గరున్నరా అంకుల్?" అని అడుగుతారు. ఉన్నానని చెబుతాను.

పోయిన నెల ఇంకో దేశంలో ఇంతకంటే మంచి ఉద్యోగం వచ్చింది. వద్దన్నాను. సుజాతకు కోపం వచ్చింది. "అందరు మంచిగ చూసుకోని పోతున్నరు. ఆ బహ్రెయిన్ల నీకు ఎవరున్నరని?" అని అడిగింది.

"మా పెద్దాయన ఉన్నడు" అన్నాను.